కుక్కకి ఆపరేషన్ చేయించే ముందు

• మొత్తం ఖర్చు కాగితం మీద రాయించుకోండి: రక్త పరీక్షలు, ఎక్స్‌రే, మత్తు, మందులు, తర్వాతి డ్రెస్సింగులతో సహా. మొహమాటపడొద్దు. భారమనిపిస్తే హైదరాబాద్ రాజేంద్రనగర్, తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రుల్లో కనుక్కోండి.

• తిండి, నీళ్లు ఎప్పటినుంచి ఆపాలో డాక్టర్‌ని అడగండి. జాలిపడి బిస్కెట్ ముక్క వేసే పెద్దవాళ్లకి ముందే చెప్పండి. మత్తులో వాంతయితే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, ప్రాణం మీదికొస్తుంది.

• కుట్లు నాకకుండా మెడకి పెట్టే కోన్ (గరాటులాంటి పట్టీ) కొని ఉంచండి. మామూలుగా 10–14 రోజులు తీయకూడదు. దాంతో తలుపులకి గుద్దుకుంటుంటే పాపం అనిపిస్తుంది, అయినా తీయొద్దు. కాసేపు నాకినా కుట్లు ఊడిపోవచ్చు.

• మన నొప్పి మాత్రలు వేయొద్దు. ఐబుప్రోఫెన్ కుక్కకి విషం.

• గచ్చు జారుతుంటే గోనెపట్టా పరవండి.

• కుట్ల దగ్గర చీము, వాసన కనిపిస్తే రాత్రయినా ఎవరికి ఫోన్ చేయాలో ముందే అడిగి నంబర్ తీసుకోండి.