స్లీప్ పెడితే ప్రోగ్రామ్ మొత్తం ఆగిపోతోందా?

సమస్య: పైథాన్‌లో ఒక అసింక్ ఫంక్షన్‌లో (ఎదురుచూసేటప్పుడు వేరే పనులకు దారి ఇవ్వగల ఫంక్షన్) టైమ్ డాట్ స్లీప్ పెట్టి, 3 సెకన్లు ఆగి మళ్లీ ప్రయత్నించమని రాశారు. ఆగాల్సింది ఆ ఒక్క పనే. కానీ ఆ 3 సెకన్లూ సర్వర్ ఎవరికీ పలకదు. అలాంటి టాస్కులు 10 కలిపి వదిలితే 3 సెకన్లలో తేలిపోవాల్సింది 30 పడుతుంది. నేనైతే ముందు ఈ లెక్కే చూస్తాను. సమయం టాస్కుల సంఖ్యతో పాటు పెరుగుతోందంటే అవి వరసలో నిలబడి ఉన్నట్టే.

కారణం: పైథాన్‌లో ఈవెంట్ లూప్ (ఏ టాస్కు ఎప్పుడు నడవాలో చూసే భాగం) నడిచేది ఒకే థ్రెడ్‌లో, అంటే ఒకసారికి ఒకే పని చేసే వరసలో. టైమ్ డాట్ స్లీప్ ఆ థ్రెడ్‌నే పడుకోబెడుతుంది. ఫంక్షన్ ముందు అసింక్ అని రాసినంత మాత్రాన లోపలి కోడ్ స్వభావం మారదు. మధ్యలో అవెయిట్ ("ఇది అయ్యేదాకా ఆగు" అనే మాట) దగ్గర నిజంగా ఆగితేనే లూప్ ఇంకో పని చూసుకోగలదు.

పరిష్కారం: టైమ్ డాట్ స్లీప్ బదులు అవెయిట్ అసింక్‌ఐఓ డాట్ స్లీప్(3) అని రాయండి. ఇది "3 సెకన్లయ్యాక లేపు" అని లూప్‌కి చెప్పి పక్కకు తప్పుకుంటుంది. ఆ పది టాస్కులనూ అన్నిటినీ కలిపి నడిపే అసింక్‌ఐఓ డాట్ గ్యాదర్‌కి ఇచ్చి చూడండి, 3 సెకన్ల చిల్లరలో అయిపోతాయి. సీ షార్ప్‌లో ఇదే పనికి టాస్క్ డాట్ డిలే ఉంది. జావాస్క్రిప్ట్‌లో సెట్‌టైమౌట్‌ని ప్రామిస్‌లో (తర్వాత వచ్చే ఫలితానికి గుర్తు) చుట్టి అవెయిట్ చేస్తారు.

మార్చాక అసలు ఆగడమే మానేసిందా? అవెయిట్ రాయడం మర్చిపోయారు. కరొటీన్ (అసింక్ ఫంక్షన్‌ని పిలిస్తే వచ్చే, ఇంకా మొదలవని పని) తయారై ఊరికే పడి ఉంది. లాగ్‌లో "నెవర్ అవెయిటెడ్" అనే వార్నింగ్ ఉంటుంది, మనమే చూడం. జావాస్క్రిప్ట్‌లో అవెయిట్ ఉన్నా ఆగకపోతే జాబితాలో ఒక్కోదానికి ఫంక్షన్‌ని పిలిచే ఫర్‌ఈచ్ వాడారేమో చూడండి. లోపలి ప్రామిస్ కోసం అది ఎదురుచూడదు. మామూలు ఫర్ లూప్ రాస్తే సరి.

అన్నీ సరిగ్గానే ఉన్నా ఇంకా బిగుసుకుంటోందంటే దొంగ వేరే చోట ఉన్నాడు. అసింక్‌ఐఓ డాట్ రన్‌కి డీబగ్ ట్రూ ఇచ్చి నడపండి. లూప్‌ని ఒక్క దఫాలో 100 మిల్లీసెకన్లకు మించి పట్టుకున్న పనిని అదే లాగ్‌లో చూపిస్తుంది. చాలాసార్లు అది వెబ్ నుంచి డేటా తెచ్చే రిక్వెస్ట్స్ లైబ్రరీతో చేసిన కాల్ అయి ఉంటుంది. లైబ్రరీ మార్చే వీలు లేకపోతే పైథాన్ 3.9 నుంచి ఉన్న అసింక్‌ఐఓ డాట్ టు థ్రెడ్‌కి ఆ ఫంక్షన్‌ని అప్పగించి, అవెయిట్ చేయండి. భారీ లెక్కలకు మాత్రం థ్రెడ్ పెద్దగా పనికిరాదు, పనిని వేరే ప్రాసెస్‌లకు పంచే ప్రాసెస్ పూల్ వాడాలి.

ఇక 3 సెకన్లన్నది 3.2 అవుతోందని టెన్షన్ పడకండి. స్లీప్‌కి ఇచ్చేది కనీస సమయం. లూప్ వేరే పనిలో ఉంటే అది ముగిశాకే మీ టాస్కు లేస్తుంది.