మాన్యువల్ టెస్టర్‌కు ఆటోమేషన్ ఆఫర్ వస్తే: సందేహం ఉన్నా ఒప్పుకోవడం ఎలా

హైదరాబాద్ ఐటీ సంస్థల్లో నాలుగైదేళ్లు మాన్యువల్ టెస్టింగ్ (సాఫ్ట్‌వేర్‌ను చేత్తో పరీక్షించడం) చేసినవారికి ఆటోమేషన్ టెస్టర్‌గా, అంటే ఆ పరీక్షలను కోడ్ రాసి నడిపించేవారిగా, ఆఫర్ రావడం అరుదేమీ కాదు. జేడీలో (ఉద్యోగ వివరణలో) జావా, సెలీనియం (బ్రౌజర్‌ను కోడ్‌తో నడిపే సాధనం), ఏపీఐ టెస్టింగ్, జెన్కిన్స్ (టెస్టులను వాటంతటవే నడిపించే సాధనం) అని వరుసగా రాసి ఉంటుంది. అభ్యర్థికి వాటిలో సగమే వచ్చు, ఆ సగం కూడా సొంతంగా నేర్చుకున్నదే తప్ప ప్రాజెక్టులో వాడినది కాదు. ఈ స్థితిలో ఆఫర్ లెటర్ చేతికందితే ముందు చేయవలసింది ధైర్యం తెచ్చుకోవడం కాదు, ఎంపిక చేసినవారికి మన గురించి ఏమేమి తెలుసో సరిచూసుకోవడం.

రెజ్యూమెలో రాసినదంతా నిజమై, ఇంటర్వ్యూలో రానిదాన్ని రాదనే చెప్పి ఉంటే, మీ లోటు తెలిసే వారు మిమ్మల్ని తీసుకున్నారని అర్థం. అలా కాక, డబ్బు కట్టి కన్సల్టెన్సీ ద్వారా తెచ్చుకున్న దొంగ అనుభవం రెజ్యూమెలో ఉంటే ఈ వ్యాసంలోని సలహాలేవీ దానికి పనికిరావు. ఏ సంస్థలో ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో పీఎఫ్ సర్వీస్ హిస్టరీలో కనబడుతుంది కనుక, బీజీవీ (అభ్యర్థి నేపథ్య తనిఖీ) దగ్గర ఆ వ్యవహారం బయటపడే అవకాశమే ఎక్కువ.

అర్హత ఉండీ లేదనిపించడం కొత్త సంగతి కాదు. పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్తలు 1978లోనే దీని గురించి రాశారు. వారు గమనించిన స్త్రీలు చదువులోనూ వృత్తిలోనూ రాణించినవారే అయినా, తమ ప్రతిభను ఇతరులు పొరపాటున ఎక్కువగా అంచనా వేశారని నమ్మేవారు. కాబట్టి ఆ భావన ఎంత బలంగా ఉందనే దాన్ని బట్టి మీకు పని ఎంత వచ్చో తేల్చలేము. అది తేల్చడానికి జేడీని ముందు పెట్టుకుని ఒక్కొక్క అంశం ఎదుట ‘చేశాను’, ‘నేర్చుకున్నాను’, ‘తెలియదు’ అని రాసుకోవడం మేలు. టెస్ట్ కేసులు రాయడం, రిగ్రెషన్‌లో (మార్పు చేశాక పాతవేవీ చెడలేదని మళ్లీ పరీక్షించడంలో) ఏది వదలకూడదో పసిగట్టడం, డెవలపర్ కాదన్న డిఫెక్ట్‌ను ఆధారాలతో నిరూపించడం మీ అనుభవంలో ఉన్నవే. అవి లేకుండా కోడ్ మాత్రమే రాయగలిగినవారి ఆటోమేషన్ ఎంత నిరర్థకంగా ఉంటుందో టెస్టింగ్‌లో ఉన్నవారికి చెప్పనక్కరలేదు.

ఆ తరువాత, ఒప్పుకోవడానికి ముందే, హెచ్‌ఆర్ ద్వారా మేనేజర్‌తో పావుగంట మాట్లాడే అవకాశం అడగండి. ‘సెలీనియం నేను సొంతంగా నేర్చుకున్నాను, ప్రాజెక్టులో వాడలేదు, మొదటి మూడు నెలల్లో నా నుంచి ఏమి ఆశిస్తున్నారు?’ అని సూటిగా అడగడంలో చిన్నతనమేమీ లేదు. ఫ్రేమ్‌వర్క్ (టెస్ట్ స్క్రిప్టులన్నిటికీ ఆధారమైన కోడ్ చట్రం) ఇప్పటికే ఉందా, మీ కోడ్‌ను సమీక్షించే సీనియర్ ఎవరైనా ఉన్నారా అన్నది తప్పనిసరిగా తెలుసుకోవాలి. ఉన్న ఫ్రేమ్‌వర్క్‌లో స్క్రిప్టులు చేర్చే పని అయితే నిస్సంకోచంగా ఒప్పుకోవచ్చు. జట్టులో ఆటోమేషన్ తెలిసినవారు మరెవరూ లేక, మొదటి వారం నుంచే మీరొక్కరే అంతా కట్టాలంటే మాత్రం నా అభిప్రాయంలో వదులుకోవడమే మంచిది.

సందేహంలో ఉన్నవారు జీతం గురించి మాట్లాడటానికే మొహమాటపడతారు. రానివి కొన్ని ఉన్నాయని తగ్గించి అడగకండి. సీటీసీలో (సంస్థ మీపై ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చులో) ఫిక్స్‌డ్ ఎంతో, వేరియబుల్ ఎంతో విడదీసి అడిగి తెలుసుకోండి. బాండ్ (ఇంతకాలం మానేయకూడదనే ఒప్పందం) ఉంటే సంతకానికి ముందే పూర్తిగా చదవండి. అంగీకారాన్ని మెయిల్‌లో తెలుపుతూ హోదా, జీతం, చేరే తేదీ అందులో మళ్లీ పేర్కొనండి. ఆఫర్ లెటర్ రాతపూర్వకంగా అందేవరకు పాత సంస్థలో రాజీనామా పెట్టవద్దు.

చాలా ఐటీ సంస్థల్లో నోటీస్ పీరియడ్ 90 రోజులు. ఉద్యోగం మారేవారందరూ విసుక్కునే ఆ గడువే మీకు అక్కరకొస్తుంది. మొదటి నెల జావాకే ఇవ్వండి: స్ట్రింగులు, లూపులు, కలెక్షన్లు చేతికి అలవాటు కాకుండా సెలీనియంలోకి దూకితే కాపీ కొట్టిన కోడ్ తప్ప మరేమీ మిగలదు. తరువాత ఎక్స్‌పాత్ (పేజీలో ఒక ఎలిమెంట్ ఎక్కడుందో చెప్పే దారి) స్వయంగా రాయడం, ఎలిమెంట్ కనబడేవరకు ఆగేలా వెయిట్లు పెట్టడం, టెస్ట్‌ఎన్‌జీ (జావాలో టెస్టులను అమర్చి నడిపే సాధనం), పేజ్ ఆబ్జెక్ట్ మోడల్ (ఒక్కో పేజీ కోడ్‌ను విడిగా ఉంచే పద్ధతి) వరుసగా నేర్చుకోవచ్చు. ఇప్పటి ప్రాజెక్టులో మీకు కంఠస్థమైన రిగ్రెషన్ ప్రవాహాల లాంటివాటిని ఏదైనా అభ్యాస వెబ్‌సైటుపై ఆటోమేట్ చేసి, గిట్‌లో (కోడ్ మార్పులను భద్రపరిచే సాధనంలో) పెట్టుకోండి. సంస్థ కోడ్‌నుగానీ డేటానుగానీ బయటికి తీసుకురాకూడదని వేరే చెప్పనక్కరలేదు.

చేరాక జెన్కిన్స్ వంటివి ఆ జట్టు వాడే తీరులోనే నేర్చుకోవడం సులభం. చిక్కుపడినప్పుడు రోజంతా ఒంటరిగా కుస్తీ పట్టక, ఏమేమి ప్రయత్నించారో రాసిపెట్టుకుని సీనియర్‌ను అడగండి. మొదటి నెల చివర మేనేజర్‌ను కలిసి, ఒప్పుకోవడానికి ముందు వారు చెప్పిన మూడు నెలల అంచనాలో ఎంతవరకు వచ్చారో, ఏది వెనకబడిందో నేరుగా అడగండి. ఆ సమాధానం ప్రొబేషన్ సమీక్ష వరకు ఆగకుండా ముందే తెలిస్తే, సరిదిద్దుకోవడానికి ఇంకా వ్యవధి ఉంటుంది.