లోడ్ అడ్రస్‌ను ముందే ఊహించే ప్రిడిక్టర్‌ను మీ ల్యాప్‌టాప్‌లోనే కట్టుకోండి

బెంగళూరులో మారతహళ్లి, బెళ్లందూరు పీజీల్లో ఉంటూ చిప్ కంపెనీల్లో పెర్ఫార్మెన్స్ మోడలింగ్ ఉద్యోగాలకు ప్రిపేర్ అవుతున్న మన అనంతపురం, కర్నూలు, ఒంగోలు పిల్లలను బ్రాంచ్ ప్రిడిక్షన్ గురించి అడిగితే గడగడా చెప్పేస్తారు, అదే లోడ్ అడ్రస్ ప్రిడిక్షన్ (మెమరీలోంచి డేటా తెచ్చే లోడ్ ఇన్‌స్ట్రక్షన్ ఏ అడ్రస్‌కు వెళ్తుందో ముందే ఊహించి పని మొదలుపెట్టడం) అనగానే ప్రీఫెచింగ్ (డేటాను ముందే క్యాష్‌లోకి తెచ్చి ఉంచడం) గురించి నాలుగు ముక్కలు చెప్పి ఆగిపోతారు. ఆ రెండూ ఒకటి కావు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఏ ఆంధ్రా మెస్‌నైనా తీసుకోండి, రోజూ వచ్చేవాళ్ల కోసం వంటింట్లో ప్లేటు సర్ది ఉంచడం ప్రీఫెచ్, వాళ్లు అడగకముందే వడ్డించేయడం అడ్రస్ ప్రిడిక్షన్. సర్దిన ప్లేటు ఎవరూ తినకపోయినా పెద్ద నష్టం లేదు, వడ్డించాక మాత్రం తినడం మొదలవుతుంది, తప్పైతే వెనక్కి తీసుకోవాలి. అందుకే ఈ ప్రిడిక్టర్‌లో అడ్రస్ ఊహించే భాగం చిన్నది, ఎప్పుడు ఊహించకూడదో తేల్చే భాగమే పెద్దది. కాస్త పైథాన్ వస్తే చాలు, ఇదంతా మీరే చేసి చూడొచ్చు.

ముందు టైమ్ ఎక్కడ పోతోందో చూడండి. లోడ్ ఇన్‌స్ట్రక్షన్ ఒక బేస్ రిజిస్టర్ తీసుకుని దానికి ఆఫ్‌సెట్ కలుపుతుంది. రిస్క్-ఫైవ్‌లో అంతే, బేస్‌కు 12 బిట్ల సంఖ్య కలుస్తుంది, అంటే -2048 నుంచి 2047 దాకా. ఎక్స్86లో ఇంకో ఇండెక్స్ రిజిస్టర్ కూడా ఉంటుంది, దాన్ని 1, 2, 4, 8లలో ఒకదానితో గుణించి కలపొచ్చు. ఈ కూడిక అయ్యాకే ఎల్1 క్యాష్‌లోకి, అంటే ప్రాసెసర్‌కు అన్నిటికన్నా దగ్గరుండే చిన్న మెమరీలోకి వెళ్లాలి. ఇంటెల్ స్కైలేక్‌లో ఎల్1లో దొరికిన లోడ్‌కు కూడా 4 నుంచి 5 సైకిళ్లు పడుతుంది, అందులో కూడిక వాటా చిన్నదే. అసలు ఆలస్యం చాలాసార్లు బేస్ రిజిస్టర్ విలువ కోసం ఎదురుచూడటంలో ఉంటుంది. కాబట్టి ఇక్కడ రెండు వేరువేరు సమస్యలున్నాయి: బేస్ చేతిలో ఉంది కానీ కూడిక ఆగాలి అన్నది ఒకటి, బేసే ఇంకా రాలేదు అన్నది రెండోది. మందు కూడా దేనికి దానికే.

మొదటిదానికి 1995లో టాడ్ ఆస్టిన్, నెవ్‌మాటికాటోస్, గురిందర్ సోహి ఒక చక్కటి ఉపాయం చూపించారు. క్యాష్‌లో ఏ వరసలో వెతకాలో చెప్పే ఇండెక్స్ బిట్ల దగ్గర పూర్తి కూడిక చేయకుండా, క్యారీని వదిలేసి రెండు సంఖ్యల బిట్లను ఆర్ (ఏ ఒక్కదాంట్లో 1 ఉన్నా 1) చేసేయడం. బ్లాక్ 32 బైట్లు అనుకుందాం, అప్పుడు కింది 5 బిట్లు బ్లాక్ లోపలి స్థానం, వాటికి చిన్న ఆడర్ (కూడిక సర్క్యూట్) పెట్టి నిజంగానే కూడతారు. బేస్ 4096, ఆఫ్‌సెట్ 40 అయితే ఇండెక్స్ భాగాలు 128, 1 వస్తాయి, ఆర్ చేస్తే 129, నిజమైన అడ్రస్ 4136ను 32తో భాగించినా 129. సరిపోయింది. ఇప్పుడు బేస్ 4120, ఆఫ్‌సెట్ 12 పెట్టండి. కింది బిట్లలో 24కు 12 కలిపితే 36, అది 32 దాటింది, క్యారీ పైకి వెళ్లాలి, కానీ ఆర్‌కు ఆ సంగతి తెలీదు కదా, 128 అంటుంది. నిజం 129. మంచి విషయం ఏంటంటే తప్పిందని హార్డ్‌వేర్‌కు వెంటనే తెలిసిపోతుంది: కింది భాగం నుంచి క్యారీ వచ్చినా, ఇండెక్స్ భాగంలో ఒకే చోట రెండు సంఖ్యల్లోనూ 1 ఉన్నా తప్పే. స్టాక్ ఫ్రేములను, గ్లోబల్ పాయింటర్‌ను పెద్ద హద్దుల దగ్గర అలైన్ చేస్తే బేస్ కింది బిట్లు సున్నాలవుతాయి, ఈ ఊహ చాలా ఎక్కువసార్లు నిలబడుతుంది, కంపైలర్ సాయం అంటే ఇక్కడ ఇదే.

ఇలాంటి ఆలోచన అమ్ముడైన చిప్పుల్లోనూ ఉంది. స్కైలేక్‌లో 4 సైకిళ్ల దారి దొరకాలంటే బేస్‌కు 2048 కంటే చిన్న ఆఫ్‌సెట్ మాత్రమే కలవాలి, ఎందుకంటే ఆఫ్‌సెట్ కలిపినా పేజీ మారదనే నమ్మకంతో బేస్‌తోనే టీఎల్‌బీలో (ఏ పేజీ మెమరీలో ఎక్కడుందో గుర్తుంచుకునే చిన్న టేబుల్) వెతకడం మొదలుపెడుతుంది. పేజీ మారిందా, ఆ లోడ్‌ను మళ్లీ నడపాలి.

ట్రేస్ తీసి టేబుల్ కట్టడం

మనం కట్టబోయేది రెండో సమస్యకు మందు. ఇంటెల్ వాళ్ల పిన్ టూల్‌తో పాటు పినాట్రేస్ అనే ఉదాహరణ వస్తుంది, అది ప్రోగ్రామ్ చదివే ప్రతి మెమరీ అడ్రస్‌ను, ఏ ఇన్‌స్ట్రక్షన్ చదివిందో దానితో సహా ఫైల్‌లో రాసిపెడుతుంది, ఆ ఫైలే ట్రేస్. పెద్ద ప్రోగ్రామ్ మీద మొదలుపెట్టకండి, డిస్క్ నిండిపోతుంది. సీలో నాలుగు చిన్నవి రాసుకోండి: 24 బైట్ల స్ట్రక్చర్ల వరసను కూడేది, మాట్రిక్స్‌లో ఒక ముక్కను మాత్రమే చదివేది, లింక్డ్ లిస్ట్‌ను మళ్లీ మళ్లీ నడిచేది, హాష్ టేబుల్‌లో వెతికేది. ఈ నాలుగింటి స్వభావాలు పూర్తిగా వేరు, మీ ప్రిడిక్టర్ బలం, బలహీనత రెండూ బయటపడతాయి.

ఇప్పుడు పైథాన్‌లో ఒక డిక్షనరీ. కీ ఇన్‌స్ట్రక్షన్ అడ్రస్, విలువలో మూడు అంకెలు: చివరి లోడ్ అడ్రస్, స్ట్రైడ్ (వరసగా వచ్చే రెండు అడ్రస్‌ల మధ్య దూరం), నమ్మకం (ఊహ ఎన్నిసార్లు వరసగా నిజమైందో). స్ట్రక్చర్ల లూప్‌లో 1000, 1024, 1048 వచ్చాయంటే స్ట్రైడ్ 24, తర్వాతది 1072 అని ఊహించాలి. ఇంతవరకు ఎవరైనా రాస్తారు. మాట్రిక్స్ ముక్కలో చూడండి: 0, 8, 16 అయ్యాక తర్వాతి వరసకు దూకి 800, 808, 816. మామూలు టేబుల్ 800 దగ్గర తప్పుతుంది, ఆ తప్పుతో స్ట్రైడ్‌ను 784గా మార్చేసుకుని 808 దగ్గర మళ్లీ తప్పుతుంది. ఒక దూకుడుకు రెండు తప్పులు. కొత్త స్ట్రైడ్ వరసగా రెండుసార్లు కనిపిస్తేనే పాతదాన్ని మార్చాలి అని నియమం పెడితే ఒక తప్పుతో పోతుంది. దీన్ని టూ-డెల్టా అంటారు, ఐబీఎంలో ఐకెమెయర్, వాసిలియాడిస్ 1993లో రాసిన పేపర్ నుంచి వచ్చింది. నాలుగు లైన్ల మార్పు, కానీ కచ్చితత్వంలో తేడా మీ కళ్లకే కనిపిస్తుంది.

నమ్మకం ఎంత ఉంటే ఊహించాలి

దీన్ని గుడ్డిగా సెట్ చేయకండి, లెక్క వేయండి. ఊహ ఫలిస్తే 3 సైకిళ్లు మిగులుతాయి, తప్పితే పైప్‌లైన్ (సగం పనిలో ఉన్న ఇన్‌స్ట్రక్షన్ల వరస) ఖాళీ చేయడానికి 15 సైకిళ్లు పోతాయి అనుకుందాం (మీ మోడల్ అంకెలు మీరు పెట్టుకోండి). లాభనష్టాలు సమానం కావాలంటే కచ్చితత్వం 15ను 18తో భాగించినంత, అంటే 83 శాతం పైన ఉండాలి. 80 శాతం కరెక్ట్‌గా ఊహించే ప్రిడిక్టర్ అని సంతోషపడితే ప్రాసెసర్ నెమ్మదవుతుంది! అదే మొత్తం ఖాళీ చేయకుండా, తప్పు విలువ తీసుకున్న ఇన్‌స్ట్రక్షన్లను మాత్రమే మళ్లీ నడిపే ఏర్పాటు ఉండి నష్టం 5 సైకిళ్లకు దిగితే, 62.5 శాతం దాటితే చాలు. అంటే రికవరీ పద్ధతి తేల్చకుండా నమ్మకం హద్దు తేల్చలేరు. మోడల్‌లో ఈ రెండూ చెరొకరు చేస్తుంటే ఇద్దరూ ఒక దగ్గర కూర్చోవాల్సిందే.

కౌంటర్ మాత్రం సింపుల్‌గా పెట్టండి: కరెక్ట్ అయితే ఒకటి పెంచు, తప్పితే సున్నా చెయ్యి, 7కు చేరితేనే ఊహను వాడు. పై మాట్రిక్స్ ముక్కలో వరసకు మూడే ఎలిమెంట్లు కాబట్టి ప్రతి మూడో లోడ్ తప్పుతుంది, కౌంటర్ ఎప్పటికీ 7కు రాదు, ప్రిడిక్టర్ నోరు మూసుకుని కూర్చుంటుంది. అదే మనకు కావాల్సింది. కవరేజీ (ఊహను వాడిన లోడ్ల వాటా) తగ్గిందని టెన్షన్ పడి హద్దు దించకండి.

ట్రేస్ మోసం చేసే చోటు

చాలామంది స్క్రిప్ట్‌లు ఇక్కడే అబద్ధం చెప్తాయి. ట్రేస్‌లో ఒక లోడ్ చదవగానే టేబుల్ అప్‌డేట్ అవుతుంది. నిజమైన ప్రాసెసర్‌లో ఊహ ఫెచ్ (ఇన్‌స్ట్రక్షన్‌ను తెచ్చుకునే మొదటి దశ) దగ్గర జరుగుతుంది, అసలు అడ్రస్ ఎన్నో సైకిళ్ల తర్వాత తెలుస్తుంది, ఈలోపు అదే లోడ్ ఇంకో రెండు మూడుసార్లు పైప్‌లైన్‌లోకి వచ్చేసి ఉంటుంది. చిన్న లూప్ అయితే ఇంకా ఎక్కువ. టేబుల్‌లో చివరి అడ్రస్ 1048 అని ఉంది, స్ట్రైడ్ 24, మధ్యలో మూడు లోడ్లు ఇంకా తేలలేదు, అవి 1072, 1096, 1120. ఇప్పుడు వచ్చినదానికి 1072 అని చెప్తే తప్పు, 1048కి నాలుగు 24లు కలిపి 1144 అనాలి. అందుకే టేబుల్‌లో ఇంకో గడి పెట్టండి, తేలని లోడ్లు ఎన్నో లెక్కపెట్టేది. ఫెచ్‌లో పెంచాలి, అడ్రస్ తేలినప్పుడు తగ్గించాలి, బ్రాంచ్ ఊహ తప్పి లోడ్లు రద్దైతే అవి కూడా తగ్గించాలి, ఈ చివరిది మర్చిపోతే లెక్క ఒకసారి చెడ్డాక ఇక సరిపడదు, ఆ లూప్ మొత్తం తప్పు ఊహలే. స్క్రిప్ట్‌లో ఒక క్యూ పెట్టి అప్‌డేట్‌ను 30, 60, 100 లోడ్లు ఆలస్యంగా చేసి చూడండి. ఆలస్యం లేకుండా వచ్చిన నంబరును ఎక్కడా చూపించకండి.

లింక్డ్ లిస్ట్ దగ్గర స్ట్రైడ్ పని అయిపోతుంది, నోడ్లు మెమరీలో ఎక్కడెక్కడో ఉంటాయి. కానీ అదే లిస్ట్‌ను మళ్లీ నడిస్తే అదే వరస మళ్లీ వస్తుంది కదా, కాబట్టి గత కొన్ని అడ్రస్‌లను కలిపి హాష్ చేసి దాన్ని కీగా వాడండి. 1999లో బెకెర్మన్, ఆయన ఇంటెల్ సహచరులు దీనికి ఇంకో మెరుగు పెట్టారు: ఆఫ్‌సెట్ తీసేసి బేస్‌ను మాత్రమే దాచితే ఒకే నోడ్‌లోని వేరువేరు ఫీల్డులు చదివే లోడ్లన్నీ ఒకే చరిత్రను పంచుకుంటాయి. హాష్ టేబుల్ ప్రోగ్రామ్‌కు ఈ రెండు టేబుళ్లూ పెద్దగా పనికిరావు, అక్కడ ఊరుకోవడమే ప్రిడిక్టర్ గొప్పతనం.

అడ్రస్ కరెక్ట్ అయినా విలువ తప్పు కావచ్చు, దీన్ని ఎక్కువమంది వదిలేస్తారు. ముందున్న స్టోర్ (మెమరీలో రాసే ఇన్‌స్ట్రక్షన్) ఒకటి అదే అడ్రస్‌కు రాయబోతోంది, ఇంకా స్టోర్ క్యూలోనే ఉంది, మన లోడ్ తొందరపడి క్యాష్‌లోంచి పాత విలువ తెచ్చేసింది. అడ్రస్‌లు పోల్చి చూస్తే ఓకే అనిపిస్తుంది, ఫలితం చెడిపోతుంది. ఫంక్షన్లలో స్టాక్ మీద దాచి వెంటనే తీసే రిజిస్టర్ల దగ్గర ఇది తరచూ జరుగుతుంది. పినాట్రేస్ రాతలను కూడా ఇస్తుంది కాబట్టి చివరి 50 స్టోర్లను ఒక లిస్టులో ఉంచి, మీ కరెక్ట్ ఊహల్లో ఎన్ని వాటితో ఢీకొంటున్నాయో లెక్కపెట్టండి. అవి విజయాల్లోకి రావు. అలా తరచూ ఢీకొట్టే లోడ్ నమ్మకాన్ని కూడా సున్నా చేసేయండి.

ఇక ఊహించిన అడ్రస్ ఎక్కడికి పోతుందో కూడా కాపలా కాయాలి. యూఆర్ట్ (సీరియల్ పోర్ట్) లాంటి పరికరంలో డేటా రిజిస్టర్‌ను చదివితే ఆ బైట్ క్యూలోంచి వెళ్లిపోతుంది, ఊహ మీద చదివి తర్వాత రద్దు చేసుకున్నా ఆ బైట్ తిరిగిరాదు. అందువల్ల టీఎల్‌బీలో దొరికి, క్యాష్ చేయదగ్గ పేజీ అని తేలితేనే ముందుకు, దొరక్కపోతే ఊహను వదిలేయాలి, పేజీ ఫాల్ట్ మాత్రం లేపకూడదు. భద్రత సంగతి ఇంకా పెద్దది. 2025 జనవరిలో జార్జియా టెక్, రూర్ యూనివర్సిటీ బోఖుమ్ పరిశోధకులు ఆపిల్ ఎం2, ఏ15 నుంచి వచ్చిన చిప్పుల్లో లోడ్ అడ్రస్ ప్రిడిక్టర్ ఉందని తేల్చి, దాన్ని ఒక వరస అడ్రస్‌లకు అలవాటు చేసి, ఆ వరస హద్దు దాటిన చోట సఫారీ బ్రౌజర్ చదవకూడని డేటా మీద లెక్కలు చేసేలా చేశారు, దానికి స్లాప్ అని పేరు పెట్టారు. మీ మోడల్‌లో కనీసం ప్రాసెస్ గుర్తును కీలో కలపండి, ఒకరి అలవాటు మరొకరికి అంటకుండా. కానీ స్లాప్‌లో దాడి చేసే కోడ్, బాధితుడి డేటా ఒకే ప్రాసెస్‌లో ఉన్నాయి కాబట్టి అదొక్కటే చాలదు, ఊహ మీద వచ్చిన విలువతో ఎంత దూరం పని జరగనివ్వాలో కూడా హద్దు గీయాలి.

స్క్రిప్ట్ నంబర్లు బాగున్నాక జెమ్5 అనే ప్రాసెసర్ సిమ్యులేటర్‌లోని ఓ3 సీపీయూ మోడల్‌లోకి వెళ్లండి, కానీ మొదట ఊహను వాడకండి, ఊహించి, పోల్చి, లెక్క మాత్రం రాసుకోండి. ఆ లెక్క మీ స్క్రిప్ట్‌తో కలవకపోతే రెండింటిలో ఏదో తప్పు. తర్వాత ప్రతి లోడ్‌కూ వాడేయకుండా, ఏ లోడ్ ఫలితం కోసం ఇంకో లోడో, బ్రాంచో ఆగి ఉంటుందో వాటికి మాత్రమే తలుపు తెరవండి, మిగతావాటి ఆలస్యాన్ని అవుట్ ఆఫ్ ఆర్డర్ విండో (వరస తప్పించి వేరే ఇన్‌స్ట్రక్షన్లను నడిపే ఏర్పాటు) తనే దాచేసుకుంటుంది, వాటి మీద రిస్క్ తీసుకున్నా మిగిలేదేమీ ఉండదు. చివరి పోలిక కూడా స్ట్రైడ్ ప్రీఫెచర్ ఆన్‌లో ఉంచే చేయండి. బేర్, చెన్ 1991లో చూపించిన ఆ రకం ప్రీఫెచర్ స్ట్రైడ్ లోడ్ల మిస్సులను ముందే మింగేస్తుంది, అది ఆఫ్ చేసి ఐపీసీ (సైకిల్‌కు పూర్తయ్యే ఇన్‌స్ట్రక్షన్ల సంఖ్య) పెరిగిందని చూపిస్తే ఆ పెరుగుదలలో మీ ప్రిడిక్టర్ వాటా ఎంతో ఎవరికీ తెలియదు.