వాచీలో స్ట్రెస్ గ్రాఫ్ రోజుకి ఒక్కసారే చూడండి

చేతికున్న స్మార్ట్‌వాచ్ రోజంతా స్ట్రెస్ ఎక్కువుంది అని బజ్ మంటూనే ఉంటుంది, అది చూసి ఇంకా టెన్షన్. నేనైతే ఆ నోటిఫికేషన్లు ఆపేసి రాత్రి పడుకునే ముందు ఒక్కసారే గ్రాఫ్ చూస్తున్నా, ఎక్కడ పైకి లేచిందో ఆ టైముకి ఏం చేస్తున్నానో ఫోన్‌లో రెండు ముక్కలు రాసుకుంటా. వారానికి తెలిసింది, నాకు 10 గంటలకి ఉండే మీటింగ్ కాదు, దానికి ముందు బండి మీద ట్రాఫిక్కే అసలు గోల. ఇప్పుడు పార్కింగ్‌లో బండి ఆపి 5 నిమిషాలు, 4 లెక్కపెట్టేదాకా ఊపిరి పీల్చి 6 లెక్కపెట్టేదాకా వదిలి, అప్పుడు లిఫ్ట్ ఎక్కుతా. గ్రాఫ్ సరిగ్గా రావాలంటే వాచీ పట్టీ మణికట్టు ఎముకకి ఒక వేలు పైన, జారకుండా ఉండాలి. కాఫీ తాగినా, జ్వరమొచ్చినా, ముందురోజు మందు కొట్టినా కూడా స్ట్రెస్ అనే చూపించొచ్చు, ఆ రోజుల లెక్క వదిలేయండి.