చలిలో పరుగు: బయటికి వెళ్లాలా, ఆ రోజుకు మానాలా?

చలికాలంలో పరుగుకు బయలుదేరేవారిలో చాలామంది ఫోనులో ఉష్ణోగ్రత చూసి, ఆ ఒక్క అంకెను బట్టి వెళ్లాలో మానాలో తేల్చుకుంటారు. ఆ అంకె చూడవలసిందే గాని, దాన్ని మాత్రమే నమ్ముకుని గడప దాటడం మంచిది కాదు. పరుగెత్తుతున్నంతసేపూ మన కండరాలు ఊరికే కూర్చున్నప్పటికంటే ఎనిమిది, పది రెట్లు ఎక్కువ వేడిని పుట్టిస్తాయి కాబట్టి, గాలీ తడీ లేని రోజున మైనస్ 10 డిగ్రీల సెల్సియస్‌లో కూడా ఆరోగ్యవంతులు పెద్ద ఇబ్బంది లేకుండా పరుగెత్తగలరు. చిక్కంతా ఆ వేడి ఆగిపోయినప్పుడు వస్తుంది. చీలమండ బెణికి, చెమటకు తడిసిన బట్టల్లో మూడు కిలోమీటర్లు కుంటుకుంటూ వెనక్కి రావలసి వస్తే, అప్పటిదాకా కాపాడిన వేడి నిమిషాల్లో జారిపోతుంది. అందుచేత తలుపు తీసే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ బట్టల్లో, ఈ గాలిలో, నా దారిలో ఇంటికి అన్నిటికంటే దూరంగా ఉన్న చోట ఆగిపోతే, తిరిగి చేరేలోగా నా పరిస్థితి ఏమిటి? దీనికి నిబ్బరంగా జవాబు చెప్పుకోలేకపోతే, అంకె ఏదైనా సరే, ఆ రోజు పరుగుకు మరీ చలిగా ఉన్నట్టే.

ఉష్ణోగ్రత తరువాత చూడవలసింది గాలి. ఒంటిని అంటిపెట్టుకుని ఉండే వెచ్చని గాలిపొరను ఈదురుగాలి ఎప్పటికప్పుడు ఊడ్చుకుపోతుంది కనుక, అదే ఉష్ణోగ్రతలో గాలి వీచినప్పుడు చర్మం త్వరగా చల్లబడుతుంది. ఈ ప్రభావాన్ని డిగ్రీల్లో చెప్పే లెక్కను విండ్ చిల్ అంటారు. దీనికి పునాది వేసినవారు పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ అనే ఇద్దరు అంటార్కిటికా పరిశోధకులు. చిన్న ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు పోసి, భవనం పైకప్పు మీద వేలాడగట్టి, ఎంత గాలిలో అవి ఎంతసేపటికి గడ్డకడతాయో కొలిచి, ఆ ఫలితాలను 1945లో ప్రచురించారు. నీళ్ల గొట్టానికీ మనిషి ముఖానికీ పోలిక లేదు కాబట్టి ఆ పాత లెక్క చలిని ఎక్కువ చేసి చూపేది. చల్లని గాలి వీచే గదిలో ట్రెడ్‌మిల్ మీద మనుషులను నడిపించి, వారి ముఖాల మీద తీసిన కొలతల సాయంతో అమెరికా, కెనడా 2001లో దాన్ని సవరించాయి. ఇప్పటి సూత్రం ప్రకారం మైనస్ 10 డిగ్రీల్లో గంటకు 30 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే చర్మానికి అది మైనస్ 20తో సమానం. మైనస్ 15లో అదే గాలి మైనస్ 26 అవుతుంది.

ఇక హద్దుల సంగతి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ చెప్పేదాని ప్రకారం గాలి ఉష్ణోగ్రత మైనస్ 15కు పైన ఉన్నంతవరకు ఫ్రాస్ట్‌బైట్, అంటే చర్మం గడ్డకట్టే ప్రమాదం 5 శాతానికి లోపే ఉంటుంది. విండ్ చిల్ మైనస్ 27 కంటే దిగితే, కప్పుకోని చర్మం అరగంటలోనో అంతకంటే ముందో గడ్డకట్టవచ్చు. మైనస్ 40 దగ్గర ఆ వ్యవధి 5 నుంచి 10 నిమిషాలేనని కెనడా వాతావరణ శాఖ హెచ్చరిక పట్టిక చెబుతుంది. వీటిని బట్టి నా సలహా ఇది: విండ్ చిల్ మైనస్ 20 దగ్గరికి వచ్చినప్పుడు దూరం తగ్గించి ఇంటి చుట్టుపక్కలే తిరగాలి, మైనస్ 27 దాటితే ట్రెడ్‌మిల్ ఎక్కాలి, అది లేకపోతే ఆ రోజు విశ్రాంతి తీసుకోవాలి. అంతకంటే చలిలో పరుగెత్తేవారు లేకపోలేదు. వారు ఏళ్ల తరబడి ఆ వాతావరణానికి అలవాటుపడినవారు. వారిని చూసి మొదటి చలికాలంలోనే మన హద్దు గీసుకోకూడదు.

యాప్‌లో కనిపించే గాలి వేగం సాధారణంగా నేలకు 10 మీటర్ల ఎత్తులో, ఎక్కడో ఒక వాతావరణ కేంద్రం దగ్గరిది. చెరువు గట్టు మీదా, వంతెన మీదా, రెండు ఎత్తైన భవనాల మధ్య సందులోనూ గాలి దానికంటే చాలా ఎక్కువగా ఉండవచ్చు. పైగా పరుగెత్తేవారు తమ గాలిని తామే పుట్టించుకుంటారు. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తే మనిషి వెనుక నుంచి అంతే వేగంతో గాలి వీస్తుంటే అతనికి గాలి లేనట్టే ఉంటుంది, చెమట పడుతుంది, జిప్పు కిందికి దించుకుంటాడు; సగం దూరం వెళ్లి వెనుదిరిగిన మరుక్షణం 20 కిలోమీటర్ల గాలి తడిసిన ఛాతీకి ఎదురుగా కొడుతుంది. అందువల్ల గాలి ఉన్న రోజున మొదటి సగం గాలికి ఎదురుగా పరుగెత్తి, అలసి, చెమటపట్టి ఉండే రెండో సగంలో గాలి వీపు వైపు ఉండేలా దారి ఎంచుకోవాలి.

చాలామంది తక్కువగా అంచనా వేసేది తడిని. గాలి ఉష్ణోగ్రత సున్నాకు పైన ఉన్నంతవరకు ఎంత గాలి వీచినా చర్మం గడ్డకట్టదు, కాబట్టి 3, 4 డిగ్రీల్లో జల్లు పడుతున్న రోజు మైనస్ 8 డిగ్రీల పొడి రోజుకంటే సులువనిపిస్తుంది. నిజానికి ఆ జల్లు రోజే ఎక్కువ ప్రమాదం. నీరు గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. బట్టలు పూర్తిగా తడిశాక శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు దిగువకు పడిపోయే హైపోథర్మియా అనే స్థితికి గడ్డకట్టే చలి అక్కర్లేదు. 2021 మే 22న చైనాలోని గాన్సు ప్రావిన్సులో 100 కిలోమీటర్ల కొండదారి పందెం జరిగింది. చలికాలం ఎప్పుడో ముగిసింది, పోటీదారుల్లో చాలామంది నిక్కర్లు, టీషర్టులతోనే ఉన్నారు. మధ్యాహ్నానికి ఎత్తైన భాగంలో వడగళ్లు, మంచువాన, పెనుగాలి ఒక్కసారిగా ముంచెత్తాయి. 172 మంది పరుగెత్తిన ఆ పందెంలో 21 మంది చలికి ప్రాణాలు విడిచారు. వారిలో ఆ దేశంలోని మేటి దూరపు పరుగువీరులూ ఉన్నారు. అక్కడే గొర్రెలు మేపుకుంటున్న ఒకాయన తన గుహలోకి తీసుకెళ్లి, మంట వేసి, దుప్పట్లు కప్పిన ఆరుగురు బతికారు. వారిని బతికించింది గాలి తగలని చోటు, పొడి కప్పు, వేడి. సున్నాకు కొంచెం పైన, వానా గాలీ కలిసి ఉన్న రోజున గాలినీ నీటినీ ఆపే పైకోటు లేకుండా ఇంటికి దూరంగా వెళ్లకూడదు. వాన గంటసేపు తగ్గేలా లేకపోతే అసలు వెళ్లకపోవడమే మేలు.

చల్లగాలి పీలిస్తే ఊపిరితిత్తులు గడ్డకడతాయన్న భయం మాత్రం అక్కర్లేనిది. ముక్కు, గొంతు, శ్వాసనాళాలు లోపలికి వెళ్లే గాలిని దారిలోనే వెచ్చబరుస్తాయి. అయితే చల్లగాలిలో తేమ బహు తక్కువ. రొప్పుతూ నోటితో పీల్చినప్పుడు ఆ గాలిని తడిపే పనిలో శ్వాసనాళాల లోపలి పొర ఎండిపోయి, కొందరిలో నాళాలు ముడుచుకుని దగ్గు, పిల్లికూతలు, ఛాతీ బిగుసుకున్నట్టుండడం కనిపిస్తాయి. ఏళ్ల తరబడి చలిలో సాధన చేసే స్కీయింగ్ క్రీడాకారుల్లో ఈ సమస్య ఎక్కువ. క్రాస్ కంట్రీ స్కీయింగ్ పోటీలకు మైనస్ 20ని హద్దుగా పెట్టుకున్నారు. ఆస్తమా ఉన్నవారు ఇంకా ముందే ఆగడం మంచిది. వెళ్లే పక్షంలో వైద్యులు చెప్పిన ప్రకారం ఇన్‌హేలర్ వాడి, ఇంట్లోనే పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించుకుని, ముక్కూ నోరూ కప్పేలా పలుచని గుడ్డ కట్టుకుని బయలుదేరాలి. ఆ గుడ్డ ఊపిరి తేమకు తడిసి గట్టిపడుతుంది కనుక జేబులో మరొకటి ఉండాలి.

గుండె విషయంలో మొహమాటం పనికిరాదు. చలికి చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని రక్తపోటు పెరుగుతుంది, గుండెకు పని ఎక్కువవుతుంది. గుండెజబ్బు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు వైద్యుణ్ని అడగకుండా చలిలో పరుగెత్తకూడదు. చలికి వేళ్లు తెల్లబడిపోయే రేనాడ్స్ సమస్య ఉన్నవారూ, మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారూ పైన చెప్పిన హద్దులకు చాలా ముందే ఆగాలి.

దుస్తుల గురించి తెలియనిది తక్కువే. ఒంటికి తగిలే పొర నూలుది కాకుండా చెమటను బయటికి పంపే సింథటిక్‌దో పలుచని ఉన్నిదో కావాలి, దాని మీద వెచ్చదనానికి ఒకటి, గాలిని ఆపడానికి ఒకటి. మొదటి పది నిమిషాలు కాస్త చలేస్తే సరిగ్గా వేసుకున్నట్టు; గుమ్మంలోనే వెచ్చగా ఉంటే తరువాత చెమటకు తడిసిపోతాము. వేళ్లు విడివిడిగా ఉండే తొడుగులకంటే నాలుగు వేళ్లూ ఒకచోట ఉండే మిట్టెన్లు వెచ్చగా ఉంటాయి. లావు సాక్సులతో బూటు బిగుతైతే రక్తప్రసారం తగ్గి పాదం ఇంకా చల్లబడుతుంది. మగవారు ఒక సంగతి గమనించాలి: మైనస్ 8 డిగ్రీల్లో అరగంట పరుగెత్తిన ఒక వైద్యుడికి పలుచని ప్యాంటు కారణంగా మర్మాంగానికి ఫ్రాస్ట్‌బైట్ తొలిదశ సోకిన వైనం 1977లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో లేఖగా అచ్చయింది. చదివినవారు నవ్వుకునే ఉంటారు గాని, ముందు భాగంలో గాలిని ఆపే గుడ్డ ఉన్న లోదుస్తులు ఇప్పటికీ అమ్ముడవుతున్నది ఇందుకే.

దారి విషయంలో, ఒకే దిశలో దూరం వెళ్లి తిరిగి వచ్చేకంటే ఇంటి చుట్టూ చిన్న చుట్లు తిరగడం మేలు. ఏ క్షణంలో మానుకున్నా ఇల్లు దగ్గర్లో ఉంటుంది. రోడ్డు మీద పలుచగా పేరుకున్న మంచుపొర కంటికి కనిపించదు, కాబట్టి తెల్లవారుజామున కాకుండా ఎండ వచ్చాక వెళ్లాలి. ఫోను చలికి ఉన్నట్టుండి ఆగిపోతుంది. దాన్ని పైజేబులో కాక లోపలి పొరలో ఒంటికి ఆనించి పెట్టుకోవాలి.

బయలుదేరాక కూడా నిర్ణయం మార్చుకోవచ్చు, మార్చుకోవాలి. వేళ్లు కొంకర్లు పోయినప్పుడు బొటనవేలితో చిటికెనవేలిని తాకి చూడాలి. తాకలేకపోతే వెంటనే వెనుదిరగాలి. ముక్కు కొన, చెవి అంచు, చెంప ఎముక మీద నొప్పి ఉన్నంతసేపూ ఒక విధంగా నయమే. నొప్పి తగ్గి మొద్దుబారినట్టయితే అది అలవాటుపడడం అనుకోకూడదు, చర్మం గడ్డకడుతోందన్న సూచన. ఆ చోట చిన్న నాణెమంత మేర చర్మం మైనంలా పాలిపోయి కనిపిస్తుంది, తనకు తానుగా చూసుకోలేము కాబట్టి ఇద్దరు కలిసి వెళ్లినప్పుడు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఉండాలి. మాట ముద్దగా రావడం, అడుగు తడబడడం, కారణం లేని చిరాకు, అన్నిటికంటే ముఖ్యంగా ఇంకా చలిలో ఉండగానే వణుకు ఆగిపోవడం హైపోథర్మియా ముదురుతున్న గుర్తులు. అప్పుడు వెంటనే అత్యవసర సహాయానికి ఫోను చేయాలి. సాయం వచ్చేలోగా గాలి తగలని చోటికి చేర్చి, తడి బట్టలు తీసి, పొడి వాటితో చుట్టాలి. స్పృహలో ఉండి మింగగలిగితే తీపి వేడి పానీయం ఇవ్వాలి గాని, చర్మానికి రక్తాన్ని తెచ్చి ఉన్న వేడినీ పోగొట్టే మద్యం ఇవ్వకూడదు.

గడ్డకట్టిన చర్మాన్ని చేత్తో గాని, మంచుతో గాని రుద్దకూడదు, మంట దగ్గర పెట్టకూడదు; స్పర్శ లేని చోట కాలినా తెలియదు. మళ్లీ చలిలోకి వెళ్లవలసిన పని లేదని రూఢి చేసుకున్నాకే 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చని నీటిలో ముంచి వేడెక్కించాలి. కరిగిన చర్మం రెండోసారి గడ్డకడితే నష్టం చాలా ఎక్కువ. నీటి వేడిని స్పర్శ ఉన్న మరొకరు చూడాలి. బొబ్బలు లేచినా, రంగు నీలంగానో నల్లగానో మారినా, వేడెక్కాక కూడా స్పర్శ రాకపోయినా ఆ రోజే వైద్యునికి చూపించాలి. ఒకసారి దెబ్బతిన్న చోటు తరువాత చలికి తేలిగ్గా లొంగుతుంది కనుక, అటువంటివారు ఆ చలికాలమంతా ట్రెడ్‌మిల్‌తోనే సరిపెట్టుకోవాలి.