ఇంట్లోనే రాకెట్ టవర్ – మూడో పాఠం: అర మిల్లీమీటరు సందు

కిందటి పాఠంలో మూడు కాళ్ల పీట చేసి, మంటను పక్కకు మళ్లించే రేకు బిగించాం. ఈసారి దాని మీద నిలబెట్టే టవర్, అంటే మన చిన్న మోడల్ రాకెట్ లేచేటప్పుడు దాన్ని నేరుగా నడిపించే నిలువు దారి. పని ఒక పూటదే, కానీ జిగురు ఆరడానికి ఒక రాత్రి వదలాలి.

ముందు టవర్ ఎందుకో చూద్దాం. శ్రీహరికోటలో పీఎస్ఎల్‌వీ నిదానంగా లేస్తుంది, అయినా వాలిపోదు. దారి సరిదిద్దుకునే ఏర్పాటు దాని లోపలే ఉంది. మన రాకెట్‌కి రెక్కలే దిక్కు. గాలి గట్టిగా తగిలితే తప్ప రెక్కలు పనిచేయవు. అందుకు సెకనుకు సుమారు 13 మీటర్ల వేగం కావాలి. అది అందుకునేదాకా రాకెట్‌ని చెయ్యిపట్టి నడిపించేది టవరే. పై వాతావరణాన్ని పరిశీలించే ఇస్రో రోహిణి సౌండింగ్ రాకెట్లను పట్టా మీద నుంచి వదిలేదీ ఇందుకే.

కిట్‌తో వచ్చే సన్న కడ్డీతోనూ ఎగరేయొచ్చు. కానీ దానికోసం రాకెట్ పక్కన అంటించే చిన్న గొట్టం పైకి కూడా వెళ్లి, దారంతా గాలికి అడ్డుపడుతుంది. టవర్‌కి ఆ గొట్టం అక్కర్లేదు.

ఎత్తు నాలుగడుగులు పెట్టండి. మూడడుగుల టవర్‌తో పోలిస్తే బయటపడే వేగం 15 శాతమే పెరుగుతుంది, ఎందుకంటే తోపు (రాకెట్‌ని నెట్టే బలం) ఒకేలా ఉంటే వేగం పొడవుకు వర్గమూలంగా పెరుగుతుంది. గాలి వీచే రోజు ఆ 15 శాతం నాకు చాలాసార్లు అక్కరకొచ్చింది.

మన రాకెట్ గొట్టం వెలుపలి వ్యాసం 18.7 మిల్లీమీటర్లు, రెక్కలు మూడు. కాబట్టి పట్టాలూ (రాకెట్‌ని దారిలో పెట్టే నిలువు కడ్డీలు) మూడే. పావు అంగుళం అల్యూమినియం కడ్డీలు మూడు, మూడంగుళాల వెడల్పు చెక్క పలకలు మూడు తీసుకోండి. పలక లోపలి అంచున సన్న గాడి తీసి, కడ్డీని ఎపాక్సీ జిగురుతో అంటించండి. మేకులు, స్క్రూలు వద్దు, వాటి తలలు రాకెట్ దారిలోకి పొడుచుకొస్తాయి. ఈ పలకలను 120 డిగ్రీల దూరంలో, కడ్డీలు లోపలికి చూసేలా నిలబెట్టి, బయటి అంచులను ప్లైవుడ్ చట్రాలకు బిగించాలి. కింద, మధ్య, పైన, మొత్తం మూడు చట్రాలు. రెక్కలు పలకల మధ్య ఖాళీలో నుంచి వెళ్తాయి.

అసలు కష్టం సందు దగ్గరే. గొట్టానికీ కడ్డీకీ మధ్య అర మిల్లీమీటరు ఉండాలి. అంటే టవర్ మధ్య నుంచి ప్రతి కడ్డీ మధ్యకు సుమారు 13 మిల్లీమీటర్లు. నా మొదటి టవర్‌లో ఒక కడ్డీ పైభాగాన కాస్త లోపలికి వంగింది, నేను చూసుకోలేదు. రాకెట్ సగం దూరంలో బిగుసుకుపోయింది, మోటార్ (మందు కూరిన గొట్టం) మొత్తం అక్కడే కాలింది. రెక్కలు మసైపోయాయి. ఆ రోజు పిల్లలు పక్కనే ఉన్నారు. చాలినంత దూరంలో నిలబెట్టాను కాబట్టి సరిపోయింది.

స్కేలుతో ఈ సందు కుదరదు. అదే గొట్టం ముక్కలు మూడు తీసుకుని, ఒక్కోదానికి మామూలు జిరాక్స్ కాగితం ఐదు చుట్లు చుట్టండి. ఒక్కో కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు, ఐదు చుట్లకు సరిగ్గా మనకు కావలసిన సందు. ముక్కలను కింద, మధ్య, పైన పెట్టి, కడ్డీలు వాటికి ఆనేలా పలకలను జరిపి చట్రాలకు బిగించండి. తర్వాత ముక్కలు తీసేయండి. చెక్కకు వార్నిష్ మరవద్దు, తేమకు ఉబ్బితే సందు మారిపోతుంది.

ఇక పరీక్ష. టవర్‌ని నిలబెట్టి, మోటార్ లేని రాకెట్‌ని పై నుంచి వదలండి. ఆగకుండా కిందికి జారాలి. ఆగిన చోట సుద్దతో గుర్తుపెట్టి, అక్కడి పలకను సర్ది మళ్లీ వదలండి. రాకెట్‌ని కొద్ది కొద్దిగా తిప్పి, రెక్కలు ఏ పలకకైనా రాసుకుంటున్నాయేమో కూడా చూడాలి. నేను పదిసార్లు వరుసగా జారితేనే ఒప్పుకుంటాను.

మోటార్ ఎప్పుడూ ఫ్యాక్టరీలో తయారైనదే వాడాలి, ఇంట్లో మందు కలపడం ఈ పాఠాల్లో ఎక్కడా ఉండదు. ఇప్పుడు మనం వాడే చిన్న మోటార్లకు కనీసం 15 అడుగుల దూరంలో నిలబడాలి. టవర్ వాలు నిటారు నుంచి 30 డిగ్రీలు దాటకూడదు. బటన్ నొక్కినా అంటుకోకపోతే స్విచ్ పెట్టె నుంచి తాళంచెవిని బయటికి లాగేసి, ఒక నిమిషం ఆగాకే దగ్గరికి వెళ్లాలి. ఎగరేసిన ప్రతిసారీ కడ్డీల అడుగు భాగాన మసి పడుతుంది, తడిగుడ్డతో తుడవండి.

ఆ తాళంచెవి పెట్టే స్విచ్ పెట్టె, వైర్లు వచ్చే పాఠంలో. ఆలోగా మీ టవర్‌లో రాకెట్ ఎక్కడెక్కడ ఆగిందో, ఎంత సర్దితే కదిలిందో నోట్‌బుక్‌లో రాసి ఉంచండి.