తీరం వెంబడి తెరచాప – 7వ పాఠం: చేపల రేవులో గోడ పక్కన పడవ కట్టడం

గత పాఠంలో లంగరు వేయడం నేర్చుకున్నాం. ఈసారి పడవను రేవు గోడకు కట్టి, ఆటుపోట్ల మధ్య రాత్రంతా క్షేమంగా ఉంచడం నేర్చుకుందాం. ఉదాహరణగా స్కాట్లండ్ వాయవ్య మూలనున్న కిన్‌లాక్‌బర్వీ రేవును తీసుకుంటున్నాను. తీరం వెంట ఉత్తరానికి సాగే పడవలకు కేప్ రాత్ అనే వాయవ్య కొనను చుట్టి తూర్పుకు తిరిగే ముందు దొరికే చివరి మంచి ఆశ్రయం అదే. లాక్ ఇన్‌చార్డ్ అనే సముద్రపు పాయలోకి వచ్చి, దాని ఉత్తర ఒడ్డున ఇరుకైన మూతి దాటితే రేవు.

పాయలోకి రాకముందే తెరచాపలు దించి ఇంజను మీద నడవండి. దారిలో నీటిపై తేలే బుడ్డీలను గమనించే పని ఒకరికి అప్పగించండి. ఒక్కో బుడ్డీ కింద పీతలూ రొయ్యలూ పట్టే బోను ఉంటుంది. దాని తాడు ప్రొపెల్లరుకు చుట్టుకుంటే మీ ఇంజను ఆగిపోతుంది, ఒక జాలరి బోను పోతుంది.

వీహెచ్ఎఫ్ రేడియోలో రేవు అధికారిని పిలిచి, ఎక్కడ కట్టమంటారో అడగండి. చెప్పిన చోటే కట్టండి. ఐసు నింపే చోటు, డీజిల్ పట్టే చోటు, చేపలు దించే గట్టు ఎంత ఖాళీగా కనిపించినా మనవి కావు. అర్ధరాత్రి నిండు బరువుతో వచ్చే ట్రాలరు మన కోసం ఎదురుచూడకూడదు. ఆ ఊరివాళ్లకు అది జీవనాధారం, మనకు ఒక్క రాత్రి బస. చేపల పడవ పక్కన కట్టాల్సి వస్తే ముందు దాని వాళ్లను అడగండి, ఎన్ని గంటలకు కదులుతారో తెలుసుకోండి. వాళ్ల డెక్కు దాటేటప్పుడు ముందు భాగం మీదుగా నడవాలి, వలల మీద కాలు పెట్టకూడదు.

కిన్‌లాక్‌బర్వీలో యాత్రికుల పడవలకు తేలే జెట్టీ ఉంది. అది నీటితో పాటే లేచి దిగుతుంది కాబట్టి అక్కడ చోటు దొరికితే కింద చెప్పే ఆటుపోట్ల లెక్కలతో పనిలేదు. అది నిండిపోయినా, అలాంటిది లేని చిన్న రేవులో ఆగినా గోడే గతి. అసలు పాఠం ఇక్కడే మొదలవుతుంది.

విశాఖలో అమావాస్య, పౌర్ణమి రోజులకు కూడా పోటుకూ ఆటుకూ మధ్య నీటి మట్టంలో తేడా ఒకటిన్నర మీటరు దగ్గరే ఉంటుంది. స్కాట్లండ్ వాయవ్య తీరంలో అదే సమయంలో నాలుగు మీటర్లు దాటుతుంది. మన తీరంలో అలవాటైన చేతులు అక్కడ తాడును తప్పకుండా పొట్టిగా కడతాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. పోటు మధ్యాహ్నం 12 గంటలకు 4.8 మీటర్లు, ఆటు సాయంత్రం 6 గంటలకు 1.2 మీటర్లు. తేడా 3.6. దాన్ని పన్నెండు భాగాలు చేస్తే ఒక్కో భాగం 0.3 మీటరు. నీరు మొదటి గంటలో ఒక భాగం, రెండో గంటలో రెండు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి, ఐదో గంటలో రెండు, చివరి గంటలో ఒక భాగం దిగుతుంది. అంటే ఒంటిగంటకు 4.5, రెండింటికి 3.9, మూడింటికి 3.0, నాలుగింటికి 2.1, ఐదింటికి 1.5, ఆరింటికి 1.2. రెండు నుంచి నాలుగు గంటల మధ్యే సగం నీరు పోతుంది. భోజనం చేసి కునుకు తీసే వేళ అది, మెలకువగా ఉండండి.

గోడ దగ్గర చార్టు, అంటే సముద్ర పటం, 1.5 మీటర్ల లోతు చూపిస్తే, దానికి ఆటు ఎత్తు 1.2 కలపాలి; ఆటు వేళ అక్కడ ఉండేది 2.7 మీటర్లు. మీ పడవ అడుగు 1.8 మీటర్లు మునిగితే కింద 0.9 మిగులుతుంది. రెండు జాగ్రత్తలు: నావికుల ఆటుపోట్ల పంచాంగాల్లో సమయాలు సాధారణంగా యూనివర్సల్ టైములో (గ్రీనిచ్ సమయంలో) ఉంటాయి, బ్రిటన్‌లో వేసవిలో ఒక గంట కలపాలి. వాయుపీడనం సగటైన 1013 కంటే ఒక్కో హెక్టోపాస్కల్ పెరిగితే నీరు సుమారు ఒక సెంటీమీటరు తగ్గుతుంది.

ఇక తాళ్లు. పోటు వేళ డెక్కూ గట్టూ సమానంగా ఉన్నాయనుకోండి. గట్టు మీది కట్టుగుంజకు 4 మీటర్ల దూరంలో తాడు బిగించి కడితే, పడవ 3.6 మీటర్లు దిగేసరికి దానికి 5.4 మీటర్లు కావాలి. తాడు చాలదు, పడవ గోడకు వేలాడుతుంది, తాడు కట్టిన క్లీటు (డెక్కు మీది కొక్కెం) ఊడివస్తుంది. అదే 12 మీటర్ల దూరంలోని గుంజకు కడితే కావలసింది 12.5 మీటర్లే. అరమీటరు వదులు చాలు. బడిలో నేర్చుకున్న లంబకోణ త్రిభుజం లెక్క ఇది. అందుకే ముందు తాడు చాలా ముందుకు, వెనక తాడు చాలా వెనక్కు పోవాలి. పడవ అటూ ఇటూ జరగకుండా పట్టే స్ప్రింగ్ తాళ్లు కూడా పొడవుగానే ఉండాలి.

గోడకు నిలువు దుంగలు ఉంటే ఫెండర్లు (గోడ రాపిడి నుంచి పడవను కాచే దిండ్లు) వాటి సందుల్లోకి జారిపోతాయి. రెండు ఫెండర్ల బయట ఒక బలమైన బల్ల అడ్డంగా వేలాడదీయండి. దుంగకు బల్ల రాసుకుంటుంది, పడవ ఒళ్లు కాదు. నిచ్చెన దగ్గర కట్టడం మరచిపోవద్దు. ఆటు వేళ ఒడ్డెక్కడానికి అదొక్కటే దారి.

పడుకునే ముందు వాతావరణ సూచన రెండు భాగాలు చదవాలి. తీరజలాల సూచనను కేప్ రాత్ దగ్గరే విడగొడతారు: అర్డ్‌నమర్చన్ పాయింట్ నుంచి కేప్ రాత్ వరకు ఒకటి, అక్కడి నుంచి తూర్పుకు మరొకటి. మొదటిది అనుకూలంగా ఉందని బయలుదేరితే సరిపోదు.

అభ్యాసం: పోటు 4.2, ఆటు 1.8. గోడ దగ్గర చార్టు లోతు 0.6. వాయుపీడనం 1033. పడవ 1.8 మీటర్లు మునుగుతుంది. ఆటు వేళ పడవ అడుగున ఎంత నీరు మిగులుతుంది? 5 మీటర్ల దూరంలోని గుంజకు కట్టిన తాడుకు ఎంత వదులు ఉంచాలి? కాగితం మీద గీసి చూడండి. జవాబులు వచ్చే భాగంలో, కేప్ రాత్ పాఠానికి ముందు ఇస్తాను.